చిట్లని ఆవాలు

"ఈ తోట పోయిందంటే నా బిడ్డ నాకు దక్కడే జాన్‌బీ. నా మాట గుర్తుపెట్టుకో."

జాన్‌బీ వాకిట్లో కూర్చుని కూరగాయల గంప సర్దుకుంటోంది. ఎనిమిది గంటల బస్సుకు నరసరావుపేట పోవాలి. అడుగున దోసకాయలు, వాటిమీద గోంగూర కట్టలు పేర్చి, గంపలో ఒక పక్క మాత్రం జానెడు జాగా ఖాళీగా ఉంచింది. ఆ జాగా లింగమ్మ టమాటాలకని వారం కిందే మాటనుకున్నారు. తొలికోత ఇవ్వాళే కోయాలి. లింగమ్మ చేతిలో గంప లేదు, బుట్ట లేదు. చీర కొంగున చిన్న ముడి ఒకటి వేసుకుని, దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుని నిలబడింది.

"పొద్దున్నే అవేం మాటలు వదినా! చిన్నోడికేమయింది? నిక్షేపంలాగా తొలి బస్సెక్కి పేట పోయాడు, మందు తెస్తానని. నేను చూశాగా."

"మందుకే పోయాడో, ఎవురికి తెలుసు?"

లింగమ్మ తీరే అంత. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమెకు కీడెంచటంతోనే పొద్దు కుంకేది. మేలు మర్నాటికి వాయిదా పడేది. అలాగని ఆమె భయాలన్నీ గాలివాటం భయాలు కావు. భర్త రోశయ్య మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలో బండ కింద పడి పోయి ఐదేళ్ళయింది. పోయినవాడి సమ్మెట పట్టుకుని కొడుకు చిన్నకోటయ్య అదే గుంతలోకి దిగాడు. మూడేళ్ళ పాటు సాయంత్రం బస్సు చప్పుడు వినపడేదాకా లింగమ్మ గొంతులోకి ముద్ద దిగింది లేదు. చివరికి పోయిన ఎండాకాలం రెండు రోజులు పస్తు పడుకుని, కొడుకు చేత తల మీద చెయ్యి వేయించుకుని, ఆ పని మానిపించింది. ఊళ్ళో బసవయ్య దగ్గర అరెకరం చెక్క కౌలుకు దొరికింది. టమాటా పెట్టారు.

"ఒక్క పంట చూస్తానమ్మా," అన్నాడు చిన్నకోటయ్య. "పండితే ఇక్కడే ఉంటా, నువ్వు చూపిచ్చిన పిల్లను చేసుకుంటా. పోతే మాత్రం నన్ను ఆపబాక."

ఆ సమ్మెట ఇంకా గోడకు మేకున వేలాడుతూనే ఉంది. పొద్దున లేవగానే లింగమ్మ దేవుడి పటం వైపు కాదు, ఆ మేకు వైపే చూస్తుంది. ఈ పొద్దు కూడా చూసింది. ఉంది. అయినా గుండె కుదుటపడలేదు.

ఎందుకంటే పదిహేను రోజులుగా తోట చస్తోంది. సాయంత్రం నవనవలాడుతూ ఉన్న చెట్టు పొద్దుటికి తల వేలాడేస్తుంది. రెండో రోజుకు పచ్చిగా ఉండగానే వాడి, మూడో రోజుకు చొప్పకట్టెలా తయారవుతుంది. మొదట మూడో వరసలో రెండు చెట్లు. తర్వాత ఆ పక్కవీ. కాపు చూసి ఎవరి కన్నో పడిందనుకుంది లింగమ్మ. దిష్టి తగిలిన దాన్ని పారే నీళ్ళలో వదిలి వెనక్కి తిరిగి చూడకుండా రావాలని వాళ్ళమ్మ చెప్పేది. అందుకని చచ్చిన చెట్టును చచ్చినట్టు వేళ్ళతో పీకి, మోటారు బావి నుంచి తోటలోకి వచ్చే కాలవలో వదిలి, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేది. రోజూ అంతే. దిష్టి మాత్రం పోలేదు. మూడు వరసలు కాస్తా తొమ్మిదయ్యాయి.

నిన్న మధ్యాహ్నం కలుపు తీస్తూ ఒక చెట్టు మొదట్లో తుంగను ఎడంగా లాగి చూసింది లింగమ్మ. లాగిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. కాండం చుట్టూ నేలమీద దూది పింజలు పరిచినట్టు తెల్లటి దారాలు. ఆ దారాల మధ్య చల్లినట్టుగా ఆవాలు!

తోటలోకి ఆవాలు ఎట్లా వస్తాయి? ఎవరో చల్లితేనే వస్తాయి. అవి ఏ పనికి చల్లుతారో ఆ ఊళ్ళో ఏ ఆడదాన్ని అడిగినా, చెప్పకుండా రెండు చెంపలూ వాయించుకుంటుంది.

రాత్రి కొడుక్కి చూపించింది. చిన్నకోటయ్య వాటిని అరచేతిలో పోసుకుని చానాసేపు చూశాడు. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. "ఆవాలు కాదులేమ్మా. పడుకో," అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. పొద్దున అన్నం తినకుండా బస్సెక్కి పోయాడు.

"అవే ఇవి," అంది లింగమ్మ కొంగు ముడి జాన్‌బీ ముఖం ముందు ఆడిస్తూ. "చల్లింది ఎవురో కూడా నాకు తెలుసు. రత్నమ్మ."

జాన్‌బీ చేతిలో గోంగూర కట్ట జారిపోయింది. "బసవయ్య గారి భార్యా? యా అల్లా! అంత మాట ఎట్టంటావు వదినా?"

"నాకు కళ్ళుండబట్టి అంటున్నా." లింగమ్మ వేళ్ళు మడిచింది. "మోటారు బావి కిందున్న చెక్క. రెండేళ్ళు బీడు పెట్టుకున్నారు గానీ వాళ్ళు వేసుకోలేదు. మా చిన్నోడు పోయి అడగ్గానే బేరం లేదు, మాట లేదు, తీసుకోరా అన్నాడు బసవయ్య. అడగ్గానే ఎవురిస్తారే? అడగ్గానే అమ్మే అన్నం పెట్టదు. ఇచ్చినప్పటి నుంచి ఆ మడిసి మా చెక్కలో కాలు పెట్టడు. గట్టెంబడే చుట్టు తిరిగి పోతాడు. ఎప్పుడన్నా దిగాల్సి వచ్చినా, బయటికి రాగానే గట్టు మీద చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటాడు. మడమలు, వేళ్ళ సందులు తోముకుని మరీ. మేం ముట్టుకున్న నేల అంత మైలపడ్డదా?"

"పెద్దోళ్ళకు అట్టాంటి చాదస్తాలు ఉంటయ్యిలే..."

"సరే. మొన్న సోమారం నేను పక్కన కంది చేలో గడ్డి కోస్తున్నా. రత్నమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసింది. మా మూడో వరసలో గొంతుక్కూర్చుని మట్టిలో చెయ్యిపెట్టింది. ఏందో కొంగున కట్టుకుని చక్కా పోయింది. అది కూడా చాదస్తమేనా?"

జాన్‌బీ గంప మీద గోనెపట్టా కప్పి లేచింది. "పద. నేనూ వస్తా. ఒక్కదానివే పోతే నువ్వు ఏమంటావో, ఆమె ఏమంటుందో, మళ్ళీ నా కాడికే వచ్చి ఇద్దరూ చెరో కథ చెబుతారు. కళ్ళారా చూస్తే నాకు ఆ బాధ తప్పుద్ది."

"నీ బస్సో?"

"నరసరావుపేట యాడికి పోద్దిలే. రేపూ అక్కడే ఉంటది."

*

బసవయ్య ఇంటి వాకిలి విశాలంగా, పేడతో అలికి ఉంది. వేపచెట్టు నీడన బసవయ్య ఖాళీ మంచపు కోళ్ళ మధ్య గొంతుక్కూర్చుని నులక అల్లుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. మాటలు పొదుపు. ఊళ్ళో ఆయన్ని ఏదన్నా అడిగితే జవాబు సాయంత్రానికి వస్తుందని నవ్వుకుంటారు. వాళ్ళిద్దరినీ చూసి తల ఊపి, మళ్ళీ నులక లాగటంలో పడ్డాడు.

ఊళ్ళో అందరూ రత్నమ్మ అని పిలిచే శేషారత్నం నీళ్ళపొయ్యి ఎగదోస్తోంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. కోపం వస్తే ముందు ముక్కుపుడక అదిరేది, తర్వాతే మాట.

"ఏమే లింగమ్మా, పొద్దున్నే వచ్చావు? మజ్జిగ కావాలా?"

"మజ్జిగకి కాదక్కా. మీ పోపుల డబ్బాలో ఆవాలు తక్కువయ్యుంటయ్యి. తిరిగిచ్చి పోదామని వచ్చా."

కొంగు ముడి విప్పి అరుగు మీద దులిపింది. గోధుమరంగు గింజలు గచ్చు మీద టపటపా రాలి దొర్లాయి. జాన్‌బీ రెండడుగులు వెనక్కి వేసింది.

శేషారత్నం వంగి చూసింది. ఆమె ముఖం మారటం లింగమ్మ కనిపెట్టింది. అదిగో, దొరికింది దొంగ అనుకుంది మనసులో.

"ఇయ్యి యాడియ్యే?" గొంతు తగ్గింది శేషారత్నానికి.

"చల్లినోళ్ళకు తెలీదా?"

"ఏందీ?"

"నా మొగుణ్ణి బండ మింగింది. ఉన్నది ఒక్క నలుసు. వాడు నాలుగు టమాటాలు పండిచ్చుకుంటే నీకేం కడుపుమంట అక్కా? చెక్క కావాలంటే ఇయ్యమని అడిగుంటే ఇచ్చేసి పోయేవాళ్ళం కదా! ఆవాలు ఎందుకు చల్లావు?"

ముక్కుపుడక అదిరింది. "నోరు కడుక్కుని రా ముందు! నా ఇంటికొచ్చి, నా వాకిట్లో నిలబడి, నన్ను చేతబడి దాన్నంటావా? యాభై ఏళ్ళు వచ్చినయ్యి నాకు. ఈ ఊళ్ళో ఒక్కరి జోలికన్నా పోయానా?"

"సోమారం నాడు మా మూడో వరసలో ఏం చేశావు? చెప్పు! నేను చూళ్ళేదనుకున్నావు. కంది చేలో ఉన్నా. మట్టిలో చెయ్యిపెట్టలా నువ్వు? కొంగున కట్టుకు పోలా?"

శేషారత్నం కళ్ళు ఒక్క క్షణం వేపచెట్టు వైపు పోయి వచ్చాయి. నులక మంచం దగ్గర బరబరమని తాడు లాగే చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది.

"చెప్పలేవు," అంది లింగమ్మ. గెలిచానన్న సంతోషం లేదామెకు. అనుకున్న కీడు నిజమైనప్పుడు కలిగే నీరసమే ఒళ్ళంతా పాకింది.

"చెబుతా," అంది శేషారత్నం. "మాటతో చెబితే నువ్వు నమ్మే రకానివి కాదు. లోపలికి రా."

"నేను మీ గడప తొక్కను."

"తొక్కబాక. పొయ్యి ఇక్కడే ఉంది."

విసురుగా ఇంట్లోకి పోయి మూకుడు, నూనెగిద్దె, పోపుల డబ్బా తెచ్చింది. నీళ్ళకాగు దించి మూకుడు పెట్టింది. నూనె పోసింది. పోపుల డబ్బాలోంచి చిటికెడు ఆవాలు తీసి లింగమ్మ అరచేతిలో పోసింది.

"ఇయ్యి మా ఇంట్లోయి. నువ్వే వెయ్యి. మళ్ళీ నా చేతిలో ఏదో ఉందంటావు."

లింగమ్మ జాన్‌బీ వైపు చూసింది. జాన్‌బీ కానివ్వమన్నట్టు గడ్డం ఎగరేసింది. వేసింది. ఒక్క లిప్తలో ఆవాలు చిటపటమని చిట్లి, రెండు గింజలు ఎగిరి జాన్‌బీ చేతిమీద పడ్డాయి. "అబ్బా! సాక్షానికి వస్తే వాత పెడతారేంది!"

"ఇప్పుడు నువ్వు తెచ్చినయ్యి వెయ్యి."

లింగమ్మ అరుగు మీది గింజలు వేళ్ళతో పోగుచేసింది. చేతబడి ఆవాలు నిప్పుల్లో పడితే చేసినవాళ్ళకు తిరిగి కొడుతుందంటారు. చేయించుకున్నవాళ్ళకు కూడా ఏమన్నా అవుతుందేమో! పేట రోడ్డు మీద బస్సులో కూర్చుని ఉన్న కొడుకు కళ్ళ ముందు మెదిలాడు. కళ్ళు మూసుకుని మూకుట్లో వేసింది.

చప్పుడు లేదు.

కళ్ళు తెరిచింది. గింజలు నూనెలో మునిగి అట్లాగే ఉన్నాయి. పక్కన చిట్లిన ఆవాలు నల్లగా మాడుతున్నాయి గానీ ఇవి మాత్రం ఒక్కటీ చిట్లలేదు, ఎగరలేదు. కాసేపటికి నల్లబడ్డాయి. వాన తర్వాత పుట్టగొడుగులు పీకినప్పుడు వచ్చే మట్టివాసన ఒకటి ఆవిరిలో లేచింది.

"ఆవాలైతే చిట్లాలిగా?" అంది శేషారత్నం. మిగిలిన గింజ ఒకటి తీసి గచ్చు మీద పెట్టి గోటితో నలిపింది. పక్కనే పోపుల డబ్బాలోని ఆవగింజ కూడా నలిపింది. "చూడు. ఆవగింజ లోపల పసుప్పచ్చన. దీని లోపల?"

తెల్లగా ఉంది. పిండిలాగా.

"ఇది ఆవగింజ కాదు లింగమ్మా. తెగులు. మొదలుకుళ్ళు తెగులు. ఆ తెల్ల దారాలు దాని ఒళ్ళు, ఈ గింజలు దాని విత్తనం. నేలలో పడిందంటే ఏళ్ళ తరబడి చావదు. మళ్ళీ తేమా, తిండీ దొరికిన రోజు లేస్తది. చెట్టు మొదట్లో చేరి, కాండం చుట్టూ కొరుక్కుతిని గొంతు నులిమినట్టు నులుముద్ది. పైన చూస్తే పచ్చగానే ఉంటది. మొదలు తెగిపోయి ఉంటది."

"నీకెట్టా తెలుసు ఇదంతా?" అనుమానం ఒక ఇంటినుంచి లేచి ఇంకో ఇంట్లో కూర్చుందే తప్ప, ఊరు విడిచి పోలేదు లింగమ్మకు.

శేషారత్నం లేచి కిటికీ గూట్లోంచి అగ్గిపెట్టె తెచ్చి తెరిచింది. అందులో కూడా అవే గింజలు, ఒక గుప్పెడు ఎండిన మట్టితో.

"సోమారం నేను కొంగున కట్టుకొచ్చింది ఇయ్యి. చెట్లు వాలిపోతున్నయ్యని గట్టుమీద నుంచి చూశా. నాకు అనుమానం వచ్చింది. దిగి చూశా. అంతే. ఎందుకంటే ఇట్టాంటి గింజల్ని నేను చూట్టం ఇది రెండోసారి."

"మొదటిసారి యాడ చూశావు?"

శేషారత్నం పొయ్యిలో కట్టె ఒకటి బయటికి లాగి నీళ్ళు చల్లింది. బుస్సుమంది.

"ఆ చెక్కలోనే. మూడేళ్ళ కింద మేం వేరుశనగ వేశాం. ఊడలు దిగి కాయ పట్టే టయానికి సగం చేను ఇట్టాగే పోయింది. యవసాయం ఆఫీసరు వచ్చి చూశాడు. ఈ గింజల్ని చీపురుపుల్లతో ఎత్తి నాకు చూపిచ్చాడు. చచ్చిన మొక్కను మట్టితో సహా గోతంలోకి ఎత్తి కాల్చాలన్నాడు. కట్టె ఒక్కటి కూడా చేలో ఉంచొద్దు, ఎండాకాలం లోతుగా దున్ని ఎండబెట్టాలి, కలుపు కూడా లేవనియ్యొద్దు, కుళ్ళే ఆకూ అలమూ ఏది దొరికినా దానిమీద బతుకుద్దన్నాడు. సరిగ్గా అప్పుడే ముప్పాళ్ళలో మా అమ్మ మంచాన పడితే నేను పోయా. నాలుగు నెలలు అక్కడే ఉన్నా. వచ్చాక ఈయన్ని అడిగా. కాల్చేశాను, బూడిద కూడా లేదన్నాడు. రెండేళ్ళు బీడు పెట్టాం. తీరిందనుకున్నా."

"కలుపు..." అంది లింగమ్మ. బీడు చెక్కలో నడుముల్లోతు లేచిన గలిజేరు, తుంగ, గరిక ఆమె కళ్ళ ముందు మెదిలాయి. ఎంత పీకారో తల్లీకొడుకులు! "పీకిన కలుపంతా చెట్ల మొదళ్ళకే కప్పానక్కా. తడి ఆరకుండా ఉంటదని. మా అమ్మ మిరపతోటలో అట్టే చేసేది."

"ఎండిపోయి ఉంటే ఏమోగాని, పచ్చిది కప్పావు. పైన వానలు పడ్డయ్యి. దానికి పక్కేసి, అన్నం పెట్టినట్టయింది."

లింగమ్మ అరుగు అంచున కూలబడింది. ఇంటి గడప తొక్కనన్న మాట గుర్తులేదు. చేతబడి అయితే విరుగుడు ఉంటుంది. వేరేవాళ్ళ పాపం అవుతుంది. ఇది తన చేత్తో తను చేసింది. నా బిడ్డను నేనే క్వారీకి పంపుతున్నానా?

"పోనీలే వదినా, చచ్చిన చెట్లయితే పీకి పారేశావుగా," అంది జాన్‌బీ ఓదార్పుగా.

"యాడ పారేశావు?" అంది శేషారత్నం చప్పున.

లింగమ్మ తల ఎత్తలేదు. "దిష్టనుకున్నా అక్కా. పారే నీళ్ళలో వదలాలంటారు కదా. కాలవలో వదిలా."

"ఏ కాలవలో?"

"మీ మోటారు కాలవలోనే. రోజూ."

శేషారత్నం చెయ్యి నోటికి పోయింది. ఆ కాలవ లింగమ్మ చెక్కలో వరస వరసకీ పారి, ఆ మిగులు నీళ్ళతోనే కింద శేషారత్నం వాళ్ళ మిరపతోటలోకి దిగుతుంది. పదిహేను రోజులుగా ఆ గింజలు నీళ్ళమీద తేలుతూ ఎక్కడెక్కడికి పోయాయో, ఏ చెట్టు మొదట్లో ఆగాయో! మూడు వరసలు తొమ్మిది ఎట్లా అయ్యాయో అప్పుడు అర్థమయింది లింగమ్మకు. వెనక్కి చూడకుండా వచ్చింది గాబట్టి తెలియలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగినా కనపడేది.

"ఓసి నీ దిష్టి తగలెయ్య! మా మిరపక్కూడా పంచిపెట్టావా!" అని అరిచింది శేషారత్నం. అరిచిందే గాని, మాటలో విషం లేదు. గచ్చు మీద చేరగిలబడి ఊపిరి పీల్చుకుంది. "తెలియక చేశావు. తెలియనోళ్ళని ఏమనేది? ఇంకా ముప్పై వరసలు పచ్చగా ఉండయ్యి. ఇవ్వాళే ఆ కలుపంతా ఎడంగా లాగి, చచ్చినదాన్ని మట్టితో ఎత్తి కాల్చండి. కాలవ కట్టెయ్యండి. పీకిన గుంతల్లో మైలుతుత్తం, సున్నం కలిపి పొయ్యండి. తోట మొత్తం పోయేది కాదు."

"పోదా?" లింగమ్మ ముఖం ఎత్తింది. పదిహేను రోజుల్లో ఎవరైనా ఆమెతో పోదు అనటం అదే మొదటిసారి. ఆ మాటను కూడా అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, ఎక్కడ చిల్లు ఉందోనని. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగింది.

"అక్కా, కాల్చేస్తే... విత్తనం కూడా కాలిపోవాలిగా?"

శేషారత్నం అగ్గిపెట్టె మూసి పక్కన పెట్టింది.

"బూడిద కూడా లేదన్నావు. రెండేళ్ళు బీడు పెట్టామన్నావు. మరి మా చెట్ల కాడికి ఎట్టా వచ్చింది?"

"సోమారం నుంచి నేనూ అదే అనుకుంటున్నా," అంది శేషారత్నం నెమ్మదిగా. "ఆ రాత్రి ఈయన్ని అడిగా. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిన్నా అడిగా. ఎడ్లకు నీళ్ళు పెట్టాలని లేచిపోయాడు. ఇవ్వాళ ఊరి మనుషులున్నారు. అడుగుతున్నా." వేపచెట్టు వైపు తిరిగింది. "ఏమయ్యా! ఆ వేరుశనగ కట్టె నువ్వు కాల్చావా, లేదా?"

నులక లాగే చప్పుడు ఆగింది.

బసవయ్య తాడును బొటనవేలికి చుట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. లింగమ్మ చూపు ఆయన కాళ్ళమీద పడింది. శుభ్రంగా ఉన్నాయి. మడమల పగుళ్ళలో కూడా మట్టి లేదు.

లింగమ్మ ఆ కాళ్ళవైపు చెయ్యి చూపింది.

"అన్నా," అంది. "మీరు కాళ్ళు కడుక్కునేది అందుకేనా? మైల కాదు. ఆ చెక్క మట్టి మీ మిరపతోటలోకి మోసుకుపోకూడదనేనా?"



"కాల్చలా," అన్నాడు బసవయ్య నేల చూపులు చూస్తూ. "వరసన నాలుగు రోజులు వాన పట్టింది. కట్టె అంటుకోలా. ఎన్నాళ్ళు చూసేది. మెత్తబడి కుళ్ళి పోద్దిలే అని దుక్కిలో కలిపేశా."

శేషారత్నం నెత్తిన చెయ్యి పెట్టుకుంది. లింగమ్మకు ఆమె కనపడలేదు. మోటారు బావి కింద చెక్క, అడగ్గానే తీసుకోరా అన్న చెక్క, గట్టెంబడి చుట్టు తిరిగిపోయే మనిషి, వేళ్ళ సందులు తోముకుని కడుక్కున్న కాళ్ళు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. తను అనుమానించింది తప్పు మనిషిని, తప్పు పనికి. కానీ అనుమానం తప్పు కాదు. పదిహేను రోజులుగా ఇంటి గోడమీద సమ్మెట వైపు చూసి చూసి ఎండిపోయిన కళ్ళలో అప్పటికి నీళ్ళు వచ్చాయి.

లేచి వేపచెట్టు కిందికి పోయింది. మంచపు కోడు పట్టుకుని నిలబడింది.

"తెలిసి కూడా ఎట్టా ఇచ్చారన్నా? ఆ నేలలో ఏముందో తెలిసి, తండ్రి లేని బిడ్డకు ఎట్టా ఇయ్యబుద్ధయింది మీకు? వాడు అడిగినప్పుడు ఒక్కమాట చెప్పుంటే ఆ కాలవకు ఇవతల గుంట నేల దొరికినా చేసుకునేవాళ్ళం. నేనేం తప్పు చేశాను మీకు?"

బసవయ్య బొటనవేలికి చుట్టిన తాడు విప్పాడు. మళ్ళీ చుట్టాడు. శేషారత్నం లేచి వచ్చి లింగమ్మ పక్కన నిలబడింది, తనకూ అదే జవాబు కావాలన్నట్టు. మూకుట్లో నూనె చల్లారింది. రోడ్డు మీద ఎనిమిది గంటల బస్సు హారను కొట్టి, ఎవరికోసమో కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. జాన్‌బీ అటు తల కూడా తిప్పలేదు. ఒక కోడి వచ్చి అరుగు కింద దొర్లిన గింజను ముక్కుతో పొడిచి, తినకుండా వదిలేసి పోయింది.

ఈ మనిషి సాయంత్రం దాకా చెప్పడనుకుని లింగమ్మ కోడు వదిలి వెనక్కి తిరగబోయింది.

"చెప్పకుండా ఇయ్యలా లింగమ్మా," అన్నాడు బసవయ్య. తలెత్తి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "ఆ చెక్కలో ఏముందో మొదటి రోజే నీ కొడుక్కి చెప్పా. వద్దురా అని కూడా చెప్పా. అన్నీ విని, పంట పోతే పోనీ, అదే కావాలన్నాడు వాడు. మా అమ్మకు మాత్రం చెప్పబాక మామా అని, నా చేత ఒట్టేయించుకున్నాడు."